బాపు నోట ‘ఉస్కో’

మా ఆయనకు హుజూర్‌నగర్‌లో ఉద్యోగం. మాది మేడ మీద రెండు గదుల కిరాయి ఇల్లు. పాప పోరు పడలేక, చిన్న జాతి కుక్కయితే సర్దుకుంటుందని తెల్లటి పొమేరియన్ పిల్లను తెచ్చుకున్నాం. పేరు మల్లి. ఆ ఎండాకాలం దాన్ని తీసుకుని తిరుమలగిరి దగ్గర మా పుట్టింటికి వెళ్లాం. మా నాన్నను బాపు అంటాం; ఆయనకు గొర్ల మంద ఉంది, దానికి కాపలాగా రెండు పెద్ద కుక్కలు.

మల్లిని చూసి బాపు పకపకా నవ్వాడు. "గిది కుక్కనా, కుందేలా బిడ్డా?" అంటూ, కుందేళ్ల మీదికి కుక్కలను ఉసికొల్పేటట్టే "ఉస్కో!" అన్నాడు. పరాచికానికే అన్నాడు. కుక్కలకు పరాచికం ఏం తెలుసు?

రెండూ ఒక్క దూకులో మీద పడ్డాయి. ఒకటి మెడ పట్టింది, ఇంకొకటి వెనక కాలు పట్టి గుంజింది. తెల్లటి బొచ్చంతా నెత్తురు. పాప కెవ్వుమంది. "ఛీ, ఇడువుండ్రి!" అని అరుస్తూ బాపు కట్టెతో బాదినా అవి వదల్లేదు. చివరికి తన గొంగడి మల్లి మీద కప్పి, దాని మీద తానే పడ్డాడు. ఆయన పెంచిన కుక్కే ఆయన ముంజేతిని కసుక్కున కొరికింది. నోట్లో ఉన్నది ఎవరి చెయ్యో తెలిశాక గాని వదల్లేదు.

మల్లి బతికింది, మూడు కాళ్లతో. ‘ఉస్కో’ అన్న మాట మా ఇంట్లో ఇప్పటికీ ఎవరూ నవ్వులాటకైనా అనరు.

ఆ రోజు దవాఖానలో బాపు చేతికి కట్టు కడుతుంటే "నొస్తాందా బాపూ?" అని అడిగాను. ఆయన నా ముఖం చూడలేదు.

"ఉసికొల్పుడు నేర్పిన గని బిడ్డా, ఇడిసిపెట్టుడు నేర్పలే."