సెలవు పెట్టని పెద్దన్న

లిఫ్టుల నమూనా బొమ్మలు గీసే ఆ ఆఫీసులో ఆయన్ని అందరూ షరతులు అనే పిలిచేవారు. కన్నవాళ్ళు పెట్టిన పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా బతికి లేదు. బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌కు కంపెనీ తీసుకున్న లైసెన్సుల లెక్క చూడటం, దాన్ని అమ్మినవాళ్ళు మూడు నెలలకోసారి మార్చే నిబంధనలు చదవడం ఆయన పని. అలాంటిలాంటి చదువు కాదు అది. ఇరవై ఏళ్ళలో ఆయన చదివిన కాగితాలు వరసగా పరిస్తే బస్టాండు దాకా చెప్పుకు మట్టి అంటకుండా నడిచిపోవచ్చు. నిద్రలో కూడా "పైన పేర్కొన్న పార్టీ" అని కలవరిస్తుంటే, ఆ పార్టీ ఎవత్తో చెప్పమని భార్య ఓసారి నిలదీసిందట.

అంతటి చదువరి గురువారం పొద్దున బస్సులో కొత్త నిబంధనల ముప్ఫై ఒకటో పేజీ దగ్గర ఆగిపోయాడు. దిగాల్సిన చోటు దాటి మూడు స్టాపులు పోయాక గానీ తల ఎత్తలేదు. పేజీ అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది: సీటు అంటే ఇకమీదట కంప్యూటరు కాదు, దాని ముందు కూర్చునే మనిషి. ఒకరి పేరుతో ఇంకొకరు లోపలికి వెళ్ళరాదు.

లైసెన్సుకు డబ్బు కట్టేది సీట్ల లెక్కన. ఇన్నాళ్ళూ సీటంటే కంప్యూటరే. ఒక్కోదానికీ పసుపు స్టిక్కరు అంటించి, ఒకటి నుంచి పద్నాలుగు దాకా తన చేత్తోనే నంబర్లు వేశాడు. కిందటి వారం వచ్చిన కొత్త ఫారంలోనూ అలవాటు చొప్పున "సీట్లు: పద్నాలుగు" అని రాసి, సంతకం పెట్టి పంపేశాడు. గీసేవాళ్ళేమో రెండు షిఫ్టులూ కలిపి ఇరవై ఇద్దరు. పోనీ అదైనా సర్దుకోవచ్చు. ఆ ఇరవై ఇద్దరూ సాఫ్ట్‌వేర్ లోపలికి వెళ్ళేది ఒకే పేరుతో.

ఆ పేరు పెద్దన్నది. ఆయన గీసేవాళ్ళందరికీ పెద్ద తల. ఏడేళ్ళ కింద సాఫ్ట్‌వేర్ వచ్చినప్పుడు ఖాతా ఆయన పేరున తెరిచారు. పాస్‌వర్డు ఆయన స్కూటరు నంబరు. మరుసటేడే ఆయన రిటైరయ్యాడు, స్కూటరూ పాతసామానులోకి పోయింది, నంబరు మాత్రం ఆఫీసులో ఉండిపోయింది. కొత్తగా చేరినవాళ్ళకు బాత్రూం ఎటో చెప్పకముందే ఆ నంబరు చెప్పేవారు.

సోమవారం అమ్మినవాళ్ళ తనిఖీ. లెక్క తప్పు అని తేలితే సాఫ్ట్‌వేర్ ఆపేస్తారు. శుక్రవారం షరతులు మేనేజరు గదిలోకి వెళ్ళి ఉన్నదంతా చెప్పాడు.

"మనం చెప్పకపోతే వాళ్ళకు కలొస్తుందా?" అన్నాడు మేనేజరు.

"సంతకం నాది సార్."

"కందకు లేని దురద కత్తిపీటకెందుకయ్యా? సాఫ్ట్‌వేర్ ఆగితే ఆసుపత్రి లిఫ్టు బొమ్మలు ఆగుతాయి. అవి ఆగాయంటే..." మేనేజరు అక్కడితో ఆపాడు. మిగతాది షరతులే పూర్తి చేసుకున్నాడు. ఆగేది తన ఉద్యోగం.

శని, ఆది వారాలు ఆయనకు అన్నం సయించలేదు. ఇంట్లో కుర్చీలు లెక్కపెట్టాడు. టీవీ వైపు చూసి, "ఒకటే టీవీ, చూసేవాళ్ళం ముగ్గురం," అని గొణిగాడు.

"అయితే ఏంటండీ, మనల్నీ పట్టుకుపోతారా?" అంది భార్య. ఆయన నవ్వలేదు. ఆవిడ దగ్గరకొచ్చి కూర్చుంది. "చెప్పేయండి. మీ మొహం అబద్ధానికి పనికిరాదు. పేకాటలో మంచి ముక్క పడితేనే చెవులు ఎర్రబడతాయి మీకు."

సోమవారం పదింటికి తనిఖీకి వచ్చినావిడ చిన్న వయసుదే. పసుపు స్టిక్కర్లు పద్నాలుగూ చూసింది, తలూపింది. తర్వాత తన ల్యాప్‌టాప్ తెరిచి అడిగింది.

"ఈ పెద్దన్న గారెవరండీ?"

"మా సీనియరు. చాలా కష్టజీవి," అన్నాడు మేనేజరు.

"తెలుస్తోంది. రోజుకి పదహారు గంటలు. ఏడేళ్ళలో ఒక్క సెలవు లేదు. మొన్న మంగళవారం ఒకే నిమిషంలో తొమ్మిది కంప్యూటర్ల మీద గీస్తున్నారు."

"చేయి తిరిగిన మనిషండీ."

"ఒకసారి పిలుస్తారా? చూడాలనుంది."

షరతుల చెవులు కాలిపోతున్నాయి. మేనేజరు పైకప్పు కేసి చూస్తున్నాడు.

"రాలేరండీ," అన్నాడు షరతులు. "ఆయన రిటైరై ఆరేళ్ళయింది. ఆ పేరు మీద ఇరవై ఇద్దరు గీస్తున్నారు. సీటంటే కంప్యూటరే అనుకొని సంతకం పెట్టాను. తప్పు నాది."

ఆవిడ ల్యాప్‌టాప్ మీంచి తల ఎత్తింది. "ముప్ఫై ఒకటో పేజీ చదివారా?"

"గురువారం చదివానండీ. సంతకం పెట్టాక."

"అసలు చదివినవాళ్ళని ఇప్పుడే చూస్తున్నా." టకటకా ఏదో కొట్టింది. "ఇరవై ఇద్దరి పేర్లూ రేపటికల్లా పంపండి. పది రోజుల్లో మావాళ్ళు ఏదో ఒకటి తేలుస్తారు. మీరే చెప్పారని రాస్తాను. అంతకుమించి నా చేతిలో లేదు."

ఖాతా మూసే ముందు చెప్పడం మర్యాదని షరతులు పెద్దన్నకు ఫోన్ చేశాడు. ముసలాయన అంతా విన్నాడు.

"అంటే ఈ ఆరేళ్ళూ నేను డ్యూటీలోనే ఉన్నానన్నమాట. నా సెలవులు ఎన్ని మిగిలాయో చూసిపెట్టరా."

గురువారం నుంచీ షరతులు నవ్విందల్లా అప్పుడే. అదీ ఫోన్ పెట్టేసేదాకానే. ఆ తర్వాత పది రోజులు కంప్యూటర్లో ఉత్తరాల పెట్టె తెరవడం, మూయడం, మళ్ళీ తెరవడం. మేనేజరు ఎదురుపడితే గోడవారగా తప్పుకోవడం.

పదో రోజు జవాబు వచ్చింది. ఇంకో ఎనిమిది సీట్లు తీసుకోవాలి, పని ఆగదు, కొత్త ఒప్పందం మీద పాత మనిషే సంతకం పెట్టాలి. మేనేజరు కలం మూత తీసి మరీ అందించాడు. సంతకం చేసే చోటు మొదటి పేజీలోనే ఉంది.

షరతులు కలానికి మూత పెట్టి జేబులో వేసుకున్నాడు. కుర్చీ కిటికీ వెలుగులోకి జరుపుకొని ముప్ఫై ఒకటో పేజీ తీశాడు.