మూర్తి అంకుల్ పాటలో వణుకు

2022 శీతాకాలం. నార్త్ కరోలినాలోని క్యారీలో ఒక చిన్న క్లినిక్‌లో ఆడియాలజిస్ట్‌గా పనిచేస్తున్నాను. వినికిడి పరీక్షించి, అవసరమైనవాళ్ళకి హియరింగ్ ఎయిడ్ అమర్చడం నా పని. కొన్నాళ్ళకి పేషెంట్లు ఫిర్యాదులతో తిరిగొస్తారు. గిన్నెల చప్పుడు భరించలేకపోతున్నామనో, చెవి దురద పెడుతోందనో అంటారు. నాకది అలవాటే.

జానకి ఆంటీ ఫిర్యాదు అలాంటిది కాదు. డెబ్బై దాటిన మనిషి, రిటైరైన స్కూల్ టీచర్. రాగానే చెవుల్లోంచి హియరింగ్ ఎయిడ్లు రెండూ తీసి నా టేబుల్ మీద పెట్టేశారు.

"ఇవి వెనక్కి తీసేసుకో అమ్మా. నాకొద్దు."

"మాటలు సరిగ్గా వినపడటం లేదా ఆంటీ?"

"శుభ్రంగా వినపడుతున్నాయి. అదే వచ్చిన తంటా! పెట్టుకున్న మొదటిరోజే మీ అంకుల్ పాట విని, గొంతు వణుకుతోందండీ అనేశాను. అప్పట్నించి ఆయన గిటార్ ముట్టుకుంటే ఒట్టు."

మూర్తి అంకుల్‌కి ఒకటే పిచ్చి. అరవైల నాటి ఒక ఆస్ట్రేలియా ఫోక్-పాప్ బృందం. ముగ్గురు మగవాళ్ళు, ఒక అమ్మాయి. ఓడలో పాటలు పాడుతూ ఇంగ్లండ్ చేరి, నాలుగు రోజులుండి వెళ్ళిపోదామనుకున్నవాళ్ళు కాస్తా అక్కడి రేడియోల నిండా తామే అయ్యారట. కొన్నేళ్ళకే విడిపోయినా, పెద్దవాళ్ళయ్యాక మళ్ళీ కలిసి పాడితే హాళ్ళు నిండిపోయాయట. విశాఖలో చదువుకునే రోజుల్లో రేడియోలో విన్న ఆ పాటల్ని అంకుల్ రోజూ సాయంత్రం పాడేవారు. ఆంటీ కూరలు తరుగుతూ వినేవారు.

"ముసలాణ్ణయిపోయాను, ఇంక చాల్లే అంటున్నారు. నాకు చెవులు సగం వినపడకపోయినా ఫర్వాలేదు, ఆయన పాట ఆగకూడదు" అంటూ ఆంటీ కళ్ళు తుడుచుకున్నారు. నాకూ మనసు చివుక్కుమంది.

హియరింగ్ ఎయిడ్లు మళ్ళీ ఆంటీకి పెట్టి పరీక్షించాను. మాటలన్నీ చక్కగా అందుతున్నాయి. మరి పాట ఎలా వినపడుతోందో చూద్దామని, ఆ బృందం పాట ఒకటి నా ఫోన్‌లో పెట్టాను. నగిషీలు లేవు, అరుపులు లేవు. ఆ అమ్మాయి గొంతు ఒక స్వరం మీద గీత గీసినట్టు నిలబడింది. కింద మిగతా ముగ్గురూ దాన్ని నెమ్మదిగా మోస్తున్నారు. మొదటిసారి వింటున్న నాకే కలిసి పాడాలనిపించింది. ఇన్నేళ్ళయినా జనం వీళ్ళని ఎందుకు వదలరో తెలిసింది.

ఆంటీ మొహం చిట్లించారు. "అయ్యో, ఈ పిల్ల గొంతు కూడా వణుకుతోందే!"

నేను కుర్చీలోంచి లేచాను. అంకుల్‌కి వయసు మీద పడిందంటే నమ్మొచ్చు. ఎప్పుడో వయసులో ఉండగా రికార్డయిన ఆ పిల్ల గొంతుకి ముసలితనం ఎక్కణ్ణించి వస్తుంది?

తప్పు మెషీన్‌ది. మైకు స్పీకర్‌కి దగ్గరైతే కుయ్యిమంటుంది కదా, దాన్ని ఫీడ్‌బ్యాక్ అంటాం. చెవిలో ఎయిడ్ అలా కూయకుండా లోపల ఒక సాఫ్ట్‌వేర్ కాపలా కాస్తుంటుంది. పాటలో స్వరం సాగితే అదీ కూతేననుకుని నొక్కబోతుంది. ఆ పెనుగులాటే ఆంటీకి వణుకుగా వినపడింది. మాటల్లో అంత పొడుగు స్వరాలుండవు కాబట్టి నా పరీక్షల్లో దొరకలేదు. ఆ పాటల అందమంతా ఏ నిలకడలో ఉందో, మెషీన్ దాన్నే తప్పనుకుంది.

ఆ కాపలా తగ్గించి, మ్యూజిక్ ప్రోగ్రామ్ అని వేరే సెట్టింగ్ పెట్టాను. మర్నాడు ఆంటీతో పాటు అంకుల్‌ని గిటార్‌తో రమ్మన్నాను. సంగతంతా చెప్పినా ఆయన గుమ్మంలోనే మొండికేశారు.

"నన్ను ఓదార్చడానికి చెప్తున్నావులే అమ్మా."

"ఓదార్పు కాదు అంకుల్, మెషీన్ టెస్ట్ చేయాలి. ఒక్క పాట."

భయంభయంగా మొదలుపెట్టారు. రెండో చరణానికి కళ్ళు మూసుకుని పాడారు. పాట అయ్యాక ఆంటీ వైపు చూసి ఆయన బిక్కమొహం వేశారు.

"వణికిందా?"

"లేదు. రెండో చరణంలో శ్రుతి తప్పారు."

"ఎక్కడ?"

"పెళ్ళయినప్పట్నించీ ఎక్కడ తప్పుతున్నారో అక్కడే."

అంకుల్ గట్టిగా నవ్వి, "అయితే మళ్ళీ పాడతా, విను" అని గిటార్ సవరించుకున్నారు. బయట తర్వాతి పేషెంట్ ఎదురుచూస్తున్నా నాకు కదలబుద్ధి కాలేదు.

పరీక్షలో గీసే గ్రాఫ్ బాగుంటే వినికిడి బాగున్నట్టు కాదని నాకు నేర్పింది వాళ్ళిద్దరే. ఇప్పుడు కొత్త పేషెంట్ ఎవరొచ్చినా, వాళ్ళింట్లో ఎవరు పాడతారని ముందు అడుగుతాను.