తిండిపోతు మేక

అరవైల చివర నేను టీచరుగా చేరిన కొత్తలో, పిల్లల పత్రికలో నెలనెలా వచ్చే తిండిపోతు మేక బొమ్మల కథంటే నాకు ప్రాణం. టీచరమ్మ బొమ్మలు చూస్తోందని నవ్వుతారేమోనని దేవుడి పుస్తకంలో పెట్టుకుని చదివేదాన్ని.

ఒకసారి రామతీర్థం బస్సులో పక్కనున్న ముసలమ్మ చెయ్యి చాపింది.

"దేవుడి పుస్తకమేటమ్మా? ఓపాలి ఇయ్యి, కల్లకద్దుకుంతాను."

ఇవ్వక తప్పలేదు. ఆమె కళ్ళకద్దుకుంటుంటే పత్రిక జారి ఒళ్ళో పడింది. అందులో మేక జమీందారు తలపాగా నములుతోంది. సిగ్గుతో నేను తలెత్తలేదు.

ముసలమ్మ ఆ బొమ్మ చూసి పగలబడి నవ్వింది. కళ్ళు తుడుచుకుని, పత్రికను కూడా కళ్ళకద్దుకుంది.

"ఇంత నవ్వించినాది. దీన్ని దాస్తావేటమ్మా?"

నెలంతా ఎదురుచూసే ఆ పత్రికను నేనొక్కనాడూ కళ్ళకద్దుకోలేదు.