లక్ష్మి వదిన పేరుతో వెళ్ళిన కబుర్లు

ఈ మాటను ఇన్నేళ్ళూ గొంతులోనే పెట్టుకుని తిరిగాను. పడవెక్కాను, దిగాను, ఆఫీసుకు వెళ్ళాను, అన్నం తిన్నాను. అది మాత్రం కిందికి దిగలేదు, పైకి రాలేదు. మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మేలు. తెలిసిన ముఖం ఎదురుగా ఉంటే నాకు నోరు పెగలదు.

నా పేరు చెప్పను. రంగూన్‌లో పుట్టిన తెలుగుదాన్ని. రేవులో బస్తాలు మోయడానికి విశాఖ వైపు నుంచి వచ్చినవాళ్ళ మునిమనవరాలిని. నది అవతల దలాలో ఉంటాను. రోజూ నది దాటి ఊళ్ళో చౌక్తడా పేటలో ఒక చిన్న షిప్పింగు ఆఫీసుకు వెళతాను. అందులో నన్ను పెట్టించింది లక్ష్మి వదిన. చుట్టరికం ఏమీ లేదు. మా అన్న స్నేహితుడి భార్య, ఆ వరసన వదిన. వాళ్ళాయనకు పబేడాన్‌లో బట్టలు కుట్టే కొట్టు. ఆఫీసులో ఆమెను అందరూ బర్మావాళ్ళ పద్ధతిలో డా లాలా అని మర్యాదగా పిలిచేవారు. నాకు మాత్రం వదినే. పని నేర్పిందీ ఆమే.

ఆ పని ఏమిటో చెప్పాలి. లేకపోతే నేను చేసింది అర్థం కాదు.

మా నదిలోకి ఓడ ఎప్పుడంటే అప్పుడు రావడానికి వీల్లేదు. సముద్రం పోటు మీద ఉండాలి. దారి తెలిసిన పైలట్ ఎక్కాలి. రేవులో చోటు ఖాళీ కావాలి. పూర్వం కెప్టెన్లు ముందొచ్చినవాడికే చోటని పూర్తి వేగంతో పరుగెత్తుకొచ్చి, నదీముఖం దగ్గర లంగరు వేసి, రోజుల తరబడి నూనె కాలుస్తూ, పొగ వదులుతూ పడి ఉండేవారు. ఒకసారి వదిన పైలట్ల లాంచీలో అక్కడికి వెళ్ళొచ్చింది. ఒడ్డున ఆడవాళ్ళు ఎండుచేపల మీద మసి దులుపుకుంటున్నారట. ఆ తర్వాత ఆమె ఊరుకోలేదు. పొద్దున్నే ఒక్కో జెట్టీకీ ఫోను చేసి, ఏ ఓడ ఎప్పుడు కదులుతుందో అడిగేది. పోటు పట్టిక చూసి లెక్క కట్టి, ఇంకా రెండు మూడు రోజుల దూరంలో ఉన్న ఓడకు కబురు పంపేది. ఫలానా రోజు మధ్యాహ్నం పోటుకు మీ చోటు సిద్ధం, తొందరపడకండి, నెమ్మదిగా రండి. కింద తన పేరు. ఆ పేరు చూస్తే చాలు, కెప్టెన్లు ఇంజను తగ్గించేవారు. నేను ఆమె పక్కన కూర్చుని టైపు చేసేదాన్ని. లెక్క నాకూ వచ్చింది. కానీ నా పేరు ఏ ఓడకూ తెలియదు.

అప్పుడే సైన్యం ప్రభుత్వాన్ని కూలదోసింది. ఊరంతా వీధుల్లోకి వచ్చింది. జెట్టీ గుమస్తాలు, లారీ డ్రైవర్లు, కస్టమ్స్ వాళ్ళు, అందరూ సమ్మెకట్టి పని మానేశారు. వదిన కుర్చీలోంచి లేచి తన లెక్కల పుస్తకం సంచిలో పెట్టుకుంది.

"ఇయాల్టి నుంచి ఏ ఓడకీ టయిము ఎల్లకూడదే అమ్మీ. ఓడలొచ్చి కూకోనీ. పొగ ఇడస్తాయి, నాకు తెల్దేటి? అయినా సరే" అంది.

తన చేత్తో ఆపిన పొగను తనే మళ్ళీ రానిచ్చింది. అది ఆమెకు ఎంత కష్టమో చూశాను. చూసి కూడా.

వారం తిరక్కుండా యజమాని ఇంటికి ఫోను చేశారు. మొబైల్ ఇంటర్నెట్టు తెగిపోయి ఉంది. ఆఫీసులో మాత్రం తీగ లైను బతికే ఉందన్నారు. "ఒక్క ఓడకు కబురు. నువ్వు కాకపోతే ఆఫీసు మూసెయ్యాలి" అన్నారు. బెదిరించలేదు. కోప్పడలేదు. రానంటే ఫోను పెట్టేసేవారే. నేను వెళ్ళాను. పట్టపగలు, ఖాళీ వీధుల్లో, టోపీ కిందికి లాక్కుని. ఆ ఓడలో మందులున్నాయేమో అనుకున్నాను. మందులని ఎవరూ చెప్పలేదు. సరుకు కాగితాలు బల్ల మీదే ఉన్నాయి. తిప్పితే తెలిసేది. తిప్పలేదు. అది సిమెంటని తర్వాత తెలిసింది.

"నీ పేరు వేస్తే కెప్టెన్ నమ్మడు" అన్నారు యజమాని. వదిన పేరు వేశాను.

ఒక్క కబురు పంపాను.

కాదు. ఇక్కడ కూడా అబద్ధమేనా? ఏడు పంపాను. రెండు వారాల్లో ఏడు. మొదటిది భయంతో పంపాను. మిగతావి ఎందుకు పంపాను? ఓడలు ఊరికే పొగ వదులుతున్నాయని, నదీముఖం దగ్గర ఆడవాళ్ళ ఎండుచేపలు పాడవుతాయని, వదిన నేర్పిన మంచిపనే కదా అని నాకు నేను ఎన్నో చెప్పుకున్నాను. అవన్నీ నిజాలే, అందుకే వాటి వెనక దాక్కోవడం అంత తేలికైంది. అసలు సంగతి వేరు. నేను కట్టిన లెక్క ప్రకారం, నేను చెప్పిన పోటుకు, అంత పెద్ద ఓడ వచ్చి నిలబడింది. కెప్టెన్ జవాబు రాశాడు: ఎప్పటిలాగే సరిగ్గా చెప్పారు, కృతజ్ఞతలు, మేడమ్ లాలా. నాకు సంతోషమేసింది. పేరు నాది కాకపోయినా సంతోషమేసింది. ఆ సాయంత్రం దలాలో అందరితో పాటు సైన్యం మీద కోపంతో గిన్నె మీద గరిటెతో మోగించాను. అందరికన్నా గట్టిగా మోగించాను.

తర్వాత సమ్మె విడిచినవాళ్ళ పేర్లు ఫేస్‌బుక్‌లో పెట్టడం మొదలైంది. ఆ ఏడింటిలో ఒకటి ఎవరికో చిక్కింది. వదిన ఫోటో, పక్కన ఆ కబురు. కింద ఎన్ని తిట్లో. పబేడాన్‌లో టీకొట్టువాడు ఆమెకు కప్పు ఇవ్వలేదు. గుళ్ళో ఆడవాళ్ళు పక్కకు జరిగారు. కుట్టడానికి ఇచ్చిన బట్టలు జనం వెనక్కి పట్టుకుపోయారు. ఎవరో కొట్టు మీద రాళ్ళు వేశారు.

ఒక మధ్యాహ్నం ఆమె పడవ దాటి మా ఇంటికి వచ్చింది. నేను చేపలు కడుగుతున్నాను. ఆమె కూర్చోలేదు.

"అమ్మీ, నిజం సెప్పు. నా పేరెట్టి ఆ కబురు ఎవులు పంపినారే?"

"నాకేటి తెలుసు వదినా? యజమానే పంపీసుంటారు."

"ఆయనకి పోటు లెక్క రాదు గదే."

"నీ పుస్తకం చూసుంటారు."

"పుస్తకం నా ఇంట్లోనే ఉన్నాది."

నా చేతులు నీళ్ళలో ఆగిపోయాయి. అప్పుడు నా నోటి నుంచి ఒక సగం మాట వచ్చింది. ఎవరూ అడగలేదు. నేనే అన్నాను.

"అయితే మీ ఇంట్లో ఎవులైనా..."

వాళ్ళాయన ప్రతి సాయంత్రం ఆమె పక్కన కూర్చుని పోటు పట్టిక చదివి వినిపించేవాడని నాకు తెలుసు. నాకు తెలుసని ఆమెకూ తెలుసు.

"పోనీ, ఆ దినాల నాను ఆపీసుకి రాలేదని ఒక ముక్క రాసియ్యి" అంది చివరికి.

"భయమేస్తంది వదినా. నన్నూ అడుగుతారు."

"సర్లే. నీకెందుకు ఇబ్బంది."

మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయింది. నెల తిరక్కుండా కొట్టు అమ్మేసి ఇద్దరూ మౌల్మెయిన్‌లో ఆమె అక్క దగ్గరికి పోయారు.

ఆమె కుర్చీలో నేను కూర్చున్నాను. మీరు ఊహించే ఉంటారు. చాలా విదేశీ ఓడలు రావడం మానేశాయి, వచ్చేవి కొన్నే. ఇప్పుడు కబుర్ల కింద నా పేరే ఉంటుంది. ఈ పద్ధతి చాలా బాగుంది, నూనె మిగులుతోంది, పొగ తగ్గుతోంది, ఎవరు మొదలుపెట్టారని ఒక ఓడ కంపెనీ మనిషి అడిగాడు. యజమాని నన్ను చూపించారు. నేను కాదనలేదు. ఆ రోజు పడవ దిగి, మళ్ళీ అదే పడవ ఎక్కి, అవతలికి పోయి, మళ్ళీ వచ్చాను. ఎందుకో నాకే తెలియదు. ఇంటికి పోతే కూర్చోవాలి కదా.

కూర్చోలేకపోయాను. ఏళ్ళ తరబడి.

పోయిన వారం, పొద్దున ఆఫీసుకు బయల్దేరేముందు ఆమెకు ఫోను చేశాను. ఎన్నిసార్లు మనసులో చదువుకున్నానో, ఆ మాటలేవీ గుర్తు రాలేదు.

"ఆ కబుర్లు నేనే పంపినాను వదినా. ఏడు. నీ పేరుతో. నేనే."

అవతల ఎక్కడో పంపు కింద బిందె నిండుతున్న చప్పుడు.

"నువ్వా?" అంది.

"నేనే."

"నాను మా ఇంటాయనే అనుకున్నాను" అంది వదిన. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. "యజమాని ఏదైనా ఆశ సూపిస్తే పంపీసుంటాడనుకున్నాను. అడగలేదు. అడిగితే అవునంటాడని బయ్యం. ఇన్నేళ్ళుగా ఆ మనిషి పక్కన కూకోలేదే నాను. అన్నం ఎట్టి ఇవతలికొచ్చీసేదాన్ని."

క్షమించమని అనబోయాను. నోరు తెరిచాను కూడా. కానీ ఆ మాట అడిగితే ఆమె మళ్ళీ నాకేదో ఇవ్వాల్సి వస్తుంది. ఆమె దగ్గర తీసుకున్నది చాలదా?

ఫోను పక్కకు పెట్టినట్టుంది. దూరం నుంచి ఆమె గొంతు వినిపించింది, నన్ను కాదు.

"ఏమయ్యా, ఇలా రా ఒకపాలి. ఇటొచ్చి నా పక్కన కూకో."

లైను తెగింది. తనే పెట్టేసిందో, ఎప్పటిలా దానంతటదే పోయిందో తెలియదు. నేను మళ్ళీ చేయలేదు. ఆమె చేయలేదు. చేస్తుందని నేను ఎదురుచూడకూడదు.

నేను ఆఫీసుకు వెళ్ళే పడవ వెళ్ళిపోయింది. తర్వాతి పడవ దాకా గట్టు మీద కూర్చున్నాను. లేవాలనిపించలేదు. నేను చేసింది ఏమీ తగ్గలేదు. నేననుకున్నదానికన్నా పెద్దదని ఇప్పుడు తెలిసింది. అయినా ఆ పూట ఊపిరి లోపలి దాకా వెళ్ళింది.

అంతే, చెప్పేశాను.