పొమ్మన్న పాటకు మైకు

మొన్న ఆదివారం మా చెల్లెలి కూతురు బడంగ్‌పేట్ నుంచి ఒక డబ్బా పట్టుకుని వచ్చింది. అందులో నల్లగా నిగనిగలాడే మైకు. పాటలు పాడి ఫోన్లో పెట్టడం దాని సరదా. "పెద్దమ్మా, గిది బెస్ట్ మైకంట, అందరు గిదే కొంటున్రు. నా గొంతే మంచిగ లేదు," అని మూతి ముడుచుకుంది. నాకు నవ్వొచ్చింది. అచ్చం ఇదే మాట నేనూ ఒకప్పుడు దిల్‌సుఖ్‌నగర్ సందులో, ఒక మైకుసెట్టు దుకాణం గుమ్మంలో నిలబడి అన్నాను. ఆ రోజు విన్న పెద్దమనిషి మాత్రం నవ్వలేదు.

అప్పుడు తెలంగాణ ఉద్యమం మంచి ఊపులో ఉంది. ఎల్బీనగర్ చౌరస్తా దగ్గర రోజూ ఒక టెంటు, టెంటు కింద దీక్ష, దీక్షలో కూర్చున్నవాళ్లకు ఆకలి తెలియకుండా మా పాటలు. మాది హయత్‌నగర్. పొద్దంతా బడిలో పిల్లలకు ఎక్కాలు చెప్పి, సాయంత్రం మా అన్న బృందంతో పాడటానికి పోయేదాన్ని. అన్న పాటలు కడతాడు, డప్పు కొడతాడు, మధ్యమధ్యలో నన్ను తిడతాడు. నా గొంతు పుట్టుకతోనే సన్నం. నేను ఇంట్లో కేకేస్తే మూడిళ్ల అవతల కోళ్లు లేచి పరుగెడతాయని మా అమ్మ అనేది. ఆ గొంతు మైకులోకి వెళ్లేసరికి రేకు మీద మేకుతో గీసినట్టు ఉండేది. ముందు వరుసలో కూర్చునే ముసలాయన ఒకరోజు మొహమాటం లేకుండా చెవిలో వేలు పెట్టుకున్నాడు. "జర గొంతు లావు చెయ్యి, మొగోళ్ల లెక్క పాడు," అన్నాడు అన్న. నెల రోజులు అలాగే గొంతు నొక్కిపెట్టి పాడాను. పేరున్న గాయకుల్ని చూసి మైకు తలను గుప్పిట్లో బిగించి పట్టుకునేదాన్ని. అది కుయ్యిమని కూసినప్పుడల్లా అదీ నా గొంతు తప్పే అనుకునేదాన్ని. నెల తిరిగేసరికి గొంతు బొంగురుపోయింది. దవాఖానలో డాక్టరమ్మ చూసి, ఇలాగే పాడితే ఇక పాట సంగతి మరిచిపొమ్మంది. వచ్చే ఆదివారమే చౌరస్తాలో పెద్ద సభ ఉంది. నా బదులు పాడటానికి అన్న ఇంకో అమ్మాయిని చూస్తున్నాడని నాకు తెలుసు. పాట పోతే నాకు మిగిలేది ఎక్కాల పుస్తకమే.

మాకు మైకుసెట్టు ఇచ్చే ఆయన ఏళ్ల కిందట గోదావరి వైపు నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో స్థిరపడ్డాడు. పెళ్లికైనా, వినాయకుడి మండపానికైనా, మా సభలకైనా ఆయన సెట్టే. అందరికీ మైకుల బాబాయి. ఉద్యమం సభలకు సెట్టు ఎందుకిస్తావని ఆయన చుట్టాలు గుర్రుగా ఉండేవాళ్లని నాకు తర్వాత తెలిసింది.

సభ ఇంకా మూడు రోజులుందనగా, బడి వదలగానే ఆ దుకాణానికి వెళ్లాను. "బాబాయ్, మీ మైకులు మంచిగనే ఉన్నయి. నా గొంతే మంచిగ లేదు. ఏదన్న చెయ్యున్రి," అన్నాను. అంటుంటే ఏడుపొచ్చింది. ఆయన కళ్లజోడు పైకి తోసుకుని, "గొంతు దేవుడి పనమ్మా, నేనేం చెయ్యలేను. మైకు నా పని. కూర్చో," అన్నాడు.

గోరువెచ్చటి నీళ్లు తాగించి, బల్ల మీద నాలుగు మైకులు వరసగా పెట్టాడు. స్పీకరు డబ్బాను గుమ్మంలోకి జరిపి, రోడ్డు దాటి అవతల జామకాయల బండి పక్కన నిలబడ్డాడు, నాకు వీపు పెట్టి! వచ్చే పోయే బస్సులు, హారన్లు, ఆ గోలలోనే వింటాడట. షాపులో బాగుంటే ఏం లాభం, జనం వినేది రోడ్డు మీద నుంచి కదా అని ఆయన వాదన. గొంతు లావు చెయ్యకుండా మొదటి చరణం పాడాను. ఆయన రోడ్డు దాటి తిరిగొచ్చి, "ఈ పాటలో గొంతు బాగా పైకెళ్లేది ఎక్కడ?" అని అడిగాడు.

అది ఆఖరి చరణం. బతకడానికి వచ్చినవాళ్లను మూటాముల్లె సర్దుకుని పొమ్మని మా అన్న కట్టిన చరణం. సరిగ్గా 'పొమ్మన్న' మాట దగ్గరే రాగం లేస్తుంది.

"గది వద్దు బాబాయ్. ఇంకో పాట పాడుత."

"సభలో పాడేది ఏది?"

"గదే."

"మరి అదే పాడు. గొంతు చిరిగేది అక్కడైతే, అది వినకుండా మైకెలా ఇస్తాను?"

మళ్లీ రోడ్డు దాటి వీపు పెట్టి నిలబడ్డాడు. పాడాను. మైకు మార్చి మళ్లీ పాడమన్నాడు. మూడో మైకు దగ్గర, మేడ మీద నుంచి వాళ్లావిడ కాఫీ గ్లాసులతో దిగొచ్చి కాసేపు విని, రోడ్డు అవతలికి కేకేసింది. "ఏవండీ, ఆ పిల్ల మనల్ని పొమ్మంటుంటే ఇంకోసారి పొమ్మనమంటారేంటి?"

"ఉండవే, దీంట్లో సరిగ్గా వినపడలేదు!" అని ఆయన అటు నుంచే జవాబిచ్చాడు. ఆవిడ నెత్తి కొట్టుకుని, నా చేతిలో కాఫీ పెట్టి, "తాగు తల్లీ, చల్లారిపోతుంది," అంది. గ్లాసు ఖాళీ చేసి, నాలుగో మైకు అందుకుని మళ్లీ అదే చరణం పాడాను.

ఆయన తేల్చింది నాలుగో మైకు. పైన జాలీ సొట్టపోయి ఉంది. పెళ్లిళ్లలో పురోహితుల ముందు పెట్టేదట. మొదటిది స్టూడియో రకం, నీ పాటకంటే డప్పునే ఎక్కువ పట్టుకుంటుందన్నాడు. రెండోది నాయకులది, మొద్దు గొంతుకు పదును పెడుతుంది. నీకు ఆ పదును దేవుడే ఇచ్చాడు, చింతకాయ పచ్చడిలో నిమ్మకాయ పిండుతామా అన్నాడు. మూడోది మాట మింగేస్తుంది. ఈ సొట్టది మాత్రం పదును కాస్త తగ్గించి, మాట పోనివ్వదు. "గొంతును చూసి మైకు పెట్టాలమ్మా. చెప్పు చిన్నదని కాలు కోసుకుంటామా?" మైకు కూసేది గొంతు వల్ల కాదు, జాలీని గుప్పిట్లో మూసేయడం వల్లని చెప్పి, దాని కింద ఒక ఎర్రదారం కట్టి, చెయ్యి ఆ దారం దాటి పైకి పోతే ఊరుకోనన్నాడు.

ఆదివారం నా గొంతుతో నేను పాడాను. మైకు ఒక్కసారి కూడా కూయలేదు. చెవిలో వేలు పెట్టుకున్న ముసలాయన రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని విన్నాడు. ఆఖరి చరణం వచ్చింది. వేదిక పక్కన ఆంప్లిఫయరు ముందు బాబాయి కూర్చుని ఉన్నాడు. 'పొమ్మన్న' మాట చౌరస్తా అంతా స్పష్టంగా వినిపించింది. ఆయన తల వంచి వింటూ, నాబు మీద వేలు ఆన్చి, బాగుందన్నట్టు తలాడించాడు. నాకు ఎదురుగా ఉన్న జనం మసకబారిపోయారు.

ఆ తర్వాత ఆ చరణం నేను మళ్లీ పాడలేదు. "గా చరణం ఎందుకిడిశినవ్?" అని అన్న నిలదీశాడు. "గొంతు మంచిగనే ఉంది అన్నా, మనసే ఒప్పుకుంట లేదు," అన్నాను. అన్న రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు వేరే చరణం కట్టుకొచ్చాడు, ఏమీ జరగనట్టు.

రాష్ట్రం వచ్చింది. బాబాయి ఎక్కడికీ పోలేదు. ఆ సందులోనే ఉన్నాడు, అక్కడే కన్నుమూశాడు. ఈ గొంతు నిలబడిందంటే ఆయన చలవే. ఆ మాట ఆయనతో నోరారా ఒక్కసారి కూడా అనలేకపోయాను.

మొన్న, మైకు సంగతి తర్వాత, ముందు దాని గొంతు విందామని, మా చెల్లెలి కూతుర్ని కిటికీ దగ్గర నిలబెట్టి పాడమన్నాను. మెట్లు దిగి, రోడ్డు దాటి, దానికి వీపు పెట్టి నిలబడ్డాను. "పెద్దమ్మా, గిదేంది?" అని పైనుంచి అరిచింది. ఆ చరణంతో కాలానికి ఇక పని లేదు. దాన్ని నాలుగుసార్లు పాడించుకుని విన్న మనిషి మాత్రం, నేను నోరు తెరిచిన ప్రతిసారీ, ఇన్నేళ్లయినా రోడ్డు అవతలే నిలబడి ఉంటాడు.