ఒకటి చచ్చినా ఆగకూడదు

టెనెసీ కొండల్లోని మా సూపర్ కంప్యూటర్ ల్యాబ్‌లో వెర్నా ఉద్యోగం చంపడం. కొత్త ప్రోగ్రాం లక్షల ప్రాసెసర్ల మీద నడుస్తుండగా, ఎవరికీ చెప్పకుండా ఒకదాన్ని చంపేసేది. మిగతావి దాని పని పంచుకుని ముందుకు సాగాలి. చచ్చినదాని జవాబు కోసం చూస్తూ నిలబడిపోతే ప్రోగ్రాం పరీక్ష తప్పినట్టే.

ఆ రోజు క్లింట్ రాసిన ప్రోగ్రాం అలాగే నిలబడిపోయింది.

"మూడేళ్ల కష్టమే ముసలిదానా," అంటూ వాడు కుర్చీ ఎత్తి ఆమె మొహాన కొట్టాడు. నుదురు చీలింది. కింద పడ్డ మనిషిని బూటుకాలితో డొక్కలో తన్నాడు. గదినిండా ఉన్నాం. ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కొయ్యబారిపోయాం.

బల్ల పట్టుకుని ఆమే లేచింది. నెత్తురు ఉమ్మి మా వైపు తిరిగింది.

"వాడి ప్రోగ్రాంని తప్పుపట్టి ఏం లాభం? ఒకదాన్ని పడేస్తే మీరంతా చేసిందీ అదేగదరా."