ఒడిలో వంతు

మా కొట్టుకు ఎదురుగా బట్టలు కుట్టే ముసలావిడను వీధంతా టైలరమ్మ అంటుంది. ఎవరైనా అసూయ మాట ఎత్తితే, దానితో తనది డెబ్బై ఏళ్ళ కాపురమని ఆవిడే నవ్వుతూ చెప్తుంది. నవ్వుతూ చెప్పినా అది నిజమే.

ఆవిడ పుట్టేసరికే ఆ ఇంట్లో ఒక పిల్ల ఉంది, నిదానపువాళ్ళ పిల్ల. నిదానపువాళ్ళూ మనలాంటివాళ్ళే. కాకపోతే మనకు ఆరేళ్ళు గడిస్తే వాళ్ళ ఒంటికి ఒక్క ఏడు గడుస్తుంది. వందల ఏళ్ళు బతుకుతారు, ఎదగడం కూడా అంత తీరిగ్గానే ఎదుగుతారు. బుద్ధి వయసును బట్టి రాదు, ఒంటితోబాటే వస్తుంది. పడవ మునిగి ఆ పిల్లను కన్నవాళ్ళు పోతే, అప్పుడే కొత్తగా కాపురానికొచ్చిన టైలరమ్మ తల్లి ఆ తప్పటడుగుల పసిదాన్ని తెచ్చి పెంచుకుంది. బుడ్డి అని పిలుచుకుంది. చాలా ఏళ్ళు ఆమెకు వేరే సంతానం కలగలేదు. చివరికి టైలరమ్మ పుట్టింది. అప్పటికి బుడ్డి ఇంకా మూడేళ్ళ పిల్లలాగే ఉంది.

బుడ్డిని అక్క అని పిలవాలని తల్లి నేర్పింది. నాలుగో ఏట ఇద్దరూ ఒకే ఎత్తు. ఇంకో నాలుగేళ్ళకు బుడ్డి చెల్లెలి భుజం దగ్గరే ఆగిపోయింది. తన చేత ముక్కు తుడిపించుకునేదాన్ని అక్క అనడానికి చెల్లెలికి నోరు రాలేదు.

అసలు తగువంతా ఒడి దగ్గర. తల్లి కుట్టుమిషను ఆపి కాళ్ళు చాపుకుని కూర్చోవడం ఆలస్యం, బుడ్డి వచ్చి వాలిపోయేది. చెల్లెలు కూడా వెళ్తే, పెద్దదానివి, నువ్వే సర్దుకోవాలి అనేది తల్లి.

"నేనెప్పుడు పెద్దదాన్నయ్యానమ్మా?" అని ఒకసారి అడిగింది టైలరమ్మ.

బట్టల సంగతీ అంతే. టైలరమ్మ గౌను అంచు ఏటేటా విప్పి దించాల్సి వచ్చేది. తల్లి నోట్లో గుండుసూదులు పెట్టుకుని, ఉలుకూ పలుకూ లేకుండా, ఏదో శిక్ష అనుభవిస్తున్నట్టు ఆ పని చేసేది. బుడ్డి గౌను మాత్రం ఉతికి ఉతికి దూదిలా అయ్యేదాకా దానికి సరిపోయేది. తన బట్టలకు చేసే చాకిరీ అమ్మకు విసుగని టైలరమ్మ మనసులో రాసిపెట్టుకుంది.

టైలరమ్మకు పెళ్ళి కుదిరిన ఏడే బుడ్డికి మొదటి పాలపన్ను కదిలింది. మనకు రెండు మూడు వారాల్లో ఊడే పన్ను దానికి నెలల తరబడి ఊగింది. పెళ్ళివారితో మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో లేచి వెళ్ళి, తల్లి ఆ పన్ను చూసి వచ్చేది. అత్తారింట్లో జరిగిన తొలి కాన్పుకు తల్లి రాలేదు, బుడ్డికి జ్వరం. మనల్ని రెండు మూడు రోజుల్లో వదిలే జ్వరం నిదానపువాళ్ళను వారాలు పట్టుకుని వేలాడుతుంది. పక్కింటావిడ చేతుల్లో బిడ్డను చూసుకుంటూ టైలరమ్మ ఆ రోజంతా పళ్ళు కొరుక్కుంది.

ఆవిడకు నలభై దాటాక తల్లి మంచం పట్టింది. పోయే ముందు ఒక మాట చెప్పింది.

"దాన్ని వదిలెయ్యకే. ఇంకా పసిది."

తనకోసం కూడా ఒక మాట ఉంటుందేమోనని టైలరమ్మ మంచం దగ్గరే కూర్చుంది. లేదు.

పలకరించడానికి వచ్చినవాళ్ళంతా బుడ్డిని దగ్గరకు తీసుకుని, తల్లి లేని పిల్ల అని కళ్ళు ఒత్తుకున్నారు. నెరుస్తున్న తలతో మంచినీళ్ళు అందిస్తూ తిరుగుతున్నదానికి కూడా తల్లే పోయిందని ఎవరికీ తట్టలేదు. చివరికి దుఃఖంలో కూడా తనకు వంతు దక్కలేదనుకుంది టైలరమ్మ. అయినా బుడ్డిని తన ఇంటికి తెచ్చుకుంది. దువ్వింది, తినిపించింది, పని నేర్పింది. తన చిన్న కొడుకు బుడ్డితో ఆడుకుని, దాన్ని దాటిపోయి, ఆడపిల్ల తండ్రి కూడా అయ్యాడు. టైలరమ్మ ఏడుపు ఒకటి రెండేళ్ళలో ఆరిపోయింది. బుడ్డిది ఆరలేదు.

పోయినేడు ఒక మధ్యాహ్నం ఇద్దరూ తమ కొట్లో కూర్చుని ఉన్నారు. చూడటానికి పదిహేనేళ్ళ పిల్లలా ఉన్న బుడ్డి బొత్తాలు కుడుతూ కళ్ళు తుడుచుకుంది. టైలరమ్మకు ఒళ్ళు మండింది.

"ముప్ఫై ఏళ్ళయిందే అమ్మ పోయి. కడుపున పుట్టినదాన్ని, నేనే ఊరుకున్నాను. నీకింకా ఏంటి?"

"నీకు ముప్ఫై ఏళ్ళు. నాకు నిన్నగాక మొన్న" అంది బుడ్డి. దారం తెంపి, "నీ గౌను అంచు దించినప్పుడల్లా అమ్మ వంటింట్లోకి పోయి ఏడ్చేది. నీకు తెలీదా?" అంది.

"ఎందుకేడుస్తుంది?"

"ఇది నా చేతుల్లో నిలవట్లేదే, పరుగు తీస్తోంది అనేది. నువ్వయితే నన్ను దాటి ఎక్కడికీ పోవు అని నన్ను పట్టుకునేది."

టైలరమ్మ కత్తెర కింద పెట్టేసింది. తర్వాతెప్పుడో ఈ సంగతి నాకు చెప్తే, మనసు కుదుటపడి ఉంటుందిగా అన్నాను. సగం పడిందట.

"ఆ మాట కూడా దానికే చెప్పింది చూడండి, నాతో అనకుండా" అంది.

అప్పట్నుంచి పని తక్కువగా ఉన్న పూట, తను పుట్టకముందు తల్లి ఎలా ఉండేదో అడిగి చెప్పించుకోవడం మొదలుపెట్టింది. పసితనంలో చూసినవి కాబట్టి బుడ్డికి ముక్కలు ముక్కలుగానే గుర్తు. అమ్మ మెట్లు రెండేసి చొప్పున దిగేదట. ఈల వేసేదట. టైలరమ్మ ఎరిగిన తల్లి ఎప్పుడూ మోకాలు పట్టుకుని మెట్లు దిగిన మనిషి. ఈల మాట విని పడీపడీ నవ్వింది, ఆ వెంటనే ముఖం ముడుచుకుంది.

ఈ ఏడు ఆవిడ చేతులు వణకడం మొదలైంది. కొట్టు చూసుకోవడానికి మనవరాలు వచ్చింది. నాయనమ్మ తర్వాత బుడ్డి ఎవరి దగ్గర ఉంటుందని ఇంట్లో మాటొస్తే, నేను చూసుకుంటానని ఆ అమ్మాయే ముందుకొచ్చింది. గుండెల మీద బరువు దిగాల్సిన మాట. దిగలేదు సరికదా, మరొకటి ఎక్కి కూర్చుంది. ఆడపిల్లలిద్దరూ గుసగుసలాడుకుంటూ నవ్వుకోవడం, కలిసి బజారుకెళ్ళి చీకటి పడేవేళకు రావడం ఆవిడ కంట్లో నలుసయింది. ఈ మనవరాలికి ముందు ఎన్ని ఏళ్ళో. బుడ్డి పెళ్ళీడుకు రావడం అది చూస్తుంది. తను చూడదు. ఆ కోపమంతా మనవరాలు వేసే కుట్ల మీద చూపించేది. వంకర లేనిచోట కూడా వంకర వెతికేది.

ఒకరోజు పొద్దున మనవరాలు దువ్వెన తీసి బుడ్డి తల దువ్వబోయింది. టైలరమ్మ లేచి వచ్చి ఆ దువ్వెన లాక్కుంది.

"నేనున్నన్నాళ్ళూ ఈ జడ నాది. ఆ తర్వాత నీ ఇష్టం."

బుడ్డి ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుంది. టైలరమ్మ వేళ్ళు నిలవక పాయలు జారిపోతుంటే మళ్ళీ మళ్ళీ మొదలుపెట్టి, చివరికి ఎలాగో అల్లింది. జడ ఒక పక్కకు వాలింది. సరిచేస్తానని మనవరాలు చెయ్యి చాపితే బుడ్డి తల పక్కకు తిప్పుకుని, కుట్టిన బట్టల మూట చంకన పెట్టుకుని ఆ వంకర జడతోనే వీధిలోకి వెళ్ళిపోయింది.

టైలరమ్మ గుమ్మంలో నిలబడి అది కనుమరుగయ్యేదాకా చూసింది. తర్వాత మనవరాలి వైపు తిరిగింది, పందెం గెలిచినదానిలా.